ఏడ్చే గొట్టం

తాళి కట్టకముందే పెళ్లికూతురి వైపు ఆడవాళ్లందరినీ ఏడిపించిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, అది మీ హక్కు.

తొంభైలలో నేను బోధన్‌లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. మా బావ దుబాయి నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. అట్ట మీద అమెరికా ముసలాయన, వేలికి గాజు గొట్టం. సగం జీవితం ఇతరుల పాటల వెనక వాయించి, జుట్టు నెరిశాక సొంత పేరు తెచ్చుకున్నాడట. ఆయన గొట్టం తీగల మీద జారుతుంటే గిటారు మనిషిలా మాట్లాడేది. నాకింకా మీసమే కుదురుగా రాలేదు, అయినా నన్ను నేనే ఆయన వారసుడిగా నియమించుకున్నాను. సైకిల్ షాపులో పాత పంపు గొట్టం ముక్క కోయించుకున్నాను.

ఆ వారమే ఒక చెరకు రైతు ఇంట పెళ్లి. మా మాస్టర్ రాజన్న ముందే చెప్పాడు. "తాళి కట్టేటప్పుడు జోరుగ వాయించాలె. గిది చెడగొడితివా, రేపటి సంది ఇంట్లనే ఉండు." ఆ ఆర్కెస్ట్రా తప్ప నాకు వేరే పని రాదు. అయినా గొట్టం తొడిగాను. అంతమంది జనం మళ్లీ ఎప్పుడు దొరుకుతారు?

ముహూర్తం వచ్చింది. గొట్టాన్ని తీగల మీద జార్చాను. దూడ తప్పిపోయిన ఆవు మైకులో అరిచినట్టుంది. డప్పులవాళ్లు బిత్తరపోయి ఆగారు. గొట్టం తీసేద్దామంటే ఎండకు వేలు ఉబ్బి రాలేదు. లాగినకొద్దీ అది తీగల మీద పాకి ఇంకా ఏడ్చింది. మా వైపు అంత దీనంగా వాయించేది ఒప్పగింతలప్పుడే. ఒప్పగింతలే అనుకుని మేనత్తలు పెళ్లికూతుర్ని పట్టుకుని బావురుమన్నారు.

తాళి పట్టుకుని నిలబడ్డ పెళ్లికొడుకు మెల్లగా అన్నాడు. "అత్తా, నేనింక కట్టనే లేదు."

పెళ్లికూతురి అవ్వ లేచి వచ్చింది. నలుగు నూనె నా వేలి మీద పోసి, చెవి మెలిపెట్టినట్టు మెలిపెట్టి గొట్టం ఊడబీకింది. "ఇగ కట్టు బిడ్డా" అంది. డప్పులు మోగాయి, తాళి పడింది.

నేను టెంటు వెనక నక్కాను. మాస్టర్ నా మొహం చూడలేదు. సాయంత్రం అసలు ఒప్పగింతలొచ్చాయి. ఒక్కరికీ కన్నీరు రాలేదు. అందరూ పొద్దునే ఖాళీ అయ్యారు. అవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"కండ్లనీళ్లన్ని పొద్దుగాలనే ఒడగొడితివి. ఏదిరా ఆ ఏడ్సే గొట్టం? పెట్టు మల్ల."

ఈసారి నూనె రాసి తొడిగాను. పందిరంతా ఏడ్చింది, పెళ్లికొడుకుతో సహా. మాస్టర్ కండువాతో కళ్లు తుడుచుకుని, "ఎల్లుండి నవీపేట్‌ల పెండ్లి. గొట్టం మర్వకు" అన్నాడు.

ఆ అవ్వ చేతి నూనె వల్లే ఇన్నేళ్లు గిటారుతో బతికాను. అమెరికా ముసలాయనకు నా సంగతి తెలియదు, ఆయనకూ రోజూ దండం పెట్టుకుంటాను. ఇక నా ప్రతిజ్ఞ: తాళి పడకముందు ఎవరినీ ఏడిపించను. పడ్డాక ఏడిస్తే మాత్రం ఆ పాపం నా గొట్టానిది కాదు.