రాజేశం కాక చూసిన అంకె

ఏళ్లుగా ఒక భయాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. గోదావరిఖనిలో షిఫ్టు సైరన్ మోగితే అందరూ డ్యూటీ గుర్తుచేసుకుంటారు. నేను తలుపు వైపు చూస్తాను, ఎవరో వచ్చి "నువ్వే కదా" అంటారని. ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు చెప్పే ధైర్యం మాత్రం ఇప్పటికీ లేదు.

ఒక భూగర్భ గనిలో విషవాయువును కనిపెట్టే సాఫ్ట్‌వేర్ నేను రాశాను. గనిలోంచి బయటికొచ్చే గాలిని మొదటి సెన్సర్, లోపలికి వెళ్లే గాలిని రెండో సెన్సర్ కొలుస్తాయి; ఆ రెండంకెలను పోల్చాలి. తేడా పెరిగితే గంట మోగాలి. ఆ నియమాలను అధికారులే మార్చుకునేలా ఎక్స్‌ప్రెషన్ ట్రీలుగా, అంటే లెక్కలోని ముక్కలన్నీ కొమ్మల్లా పేర్చిన రూపంలో పెట్టాను. మేం వాడే ప్రోగ్రామింగ్ భాషలో ఆ ట్రీలకు సెన్సర్ జవాబు వచ్చేదాకా ఆగడం రాదు. అదే పని లూపులో మళ్లీ మళ్లీ చేయడమూ మేం రాసే తీరులో కుదరదు. ఆ రెండూ నేనే చేర్చాను. ఎంత పొంగిపోయానో చెప్పలేను.

తప్పు అక్కడే చేశాను. రెండో సెన్సర్ జవాబు కోసం ఆగేటప్పుడు మొదటిదాని అంకెను పక్కన దాచాలి. లూపు తిరిగిన ప్రతిసారీ దాన్ని కొత్తగా తీసుకోవాలి. నా కోడ్ మొదట దాచిన అంకెనే వాడుతూ పోయింది, తెర మీదా దాన్నే చూపింది. పరీక్షలో ఎందుకు దొరకలేదు? ప్లేడే నాడు, అంటే గనికి వారపు సెలవు రోజున పరీక్షించాం కాబట్టి. బొగ్గు తీయని రోజు గాలి పెద్దగా మారదు. పాత అంకె, కొత్త అంకె ఒక్కలాగే ఉన్నాయి.

పని నడుస్తున్న ఒకరోజు లోపల బొగ్గు రాజుకుని వాయువు పెరిగింది. గని పైన గదిలో, ఆ అంకెలు కనిపించే తెర ముందు కూర్చున్నది మా పక్క క్వార్టర్ రాజేశం కాక. అంకె కదలలేదు, గంట మోగలేదు, ఆయన కిందికి ఫోన్ చేయలేదు. ఇద్దరు కార్మికులను స్పృహ లేకుండా పైకి తెచ్చారు. దవాఖానలో బతికారు. గంట మోగినా కాక నిద్రపోయి వినలేదని విచారణలో తేల్చారు. నన్ను అడిగితే సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదన్నాను. అప్పటికే తప్పు చూసి, గుట్టుగా సరిచేసి ఉన్నాను; వాళ్లు పరీక్షిస్తే గంట సరిగానే మోగింది.

కాకను ఆ డ్యూటీ నుంచి తీసేశాక వాళ్లింటికి వెళ్లాను. జాలితోనా? ఆయనకు ఎంత తెలుసో కనుక్కోవడానికా? రెండోదే అనుకుంటాను.

"కన్ను మూసినట్టు నాకైతే యాదికి లేదు బిడ్డా," అన్నాడు. "కానీ మిషిన్ అబద్ధమాడదు గదా. నాకే కునుకు పట్టి ఉంటది. లోపలున్న ఆ ఇద్దరు పిలగాండ్లకు ఏమన్న అయ్యుంటే నేనెట్ల బతుకుదును?"

"ఫికర్ చెయ్యకు కాకా," అన్నాను. అంతే. తప్పు నాదని చెప్పకుండానే లేచి వచ్చేశాను.

ఇప్పుడాయన పొయ్యి ఆర్పిన తర్వాత కూడా భార్యను పిలిచి చూడమంటాడు. తన కళ్లను తనే నమ్మడు. మొదట్లో ఉద్యోగం పోతుందని భయపడ్డాను, కేసు పెడతారని భయపడ్డాను. ఈమధ్య వాటన్నిటికన్నా పెద్ద భయం పట్టుకుంది: ఆయన ఆ అబద్ధాన్ని నమ్ముతూనే కన్నుమూస్తాడేమో. ఇది రాసినంత మాత్రాన నా తప్పు పోదు, ఆయన ముందు నిలబడి చెప్పగలనో లేదో కూడా తెలియదు. అయినా ఒక్కసారైనా నా చేత్తో రాయాలి.

రాజేశం కాక ఆరోజు నిద్రపోలేదు. మెలకువగానే ఉన్నాడు. నేను చూపించిన పాత అంకెను రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు.