కిటికీ ఉన్న గది

భర్త పోయాక భూలక్ష్మి తన మరిది రఘునందన్ మాట మీదే నడిచింది. పొలం ప్లాట్లకు పోగా ఇబ్రహీంపట్నంలో రోడ్డు పక్కన కాస్త జాగా మిగిలితే, అందులో అతను ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలకు హాస్టల్ కట్టించాడు. వంట, తాళాలు, పిల్లల మంచిచెడ్డలు భూలక్ష్మి మీద పడ్డాయి. నిన్నటిదాకా పత్తి ఏరిన మనిషి పెద్ద పెద్ద గంజు గిన్నెల్లో అన్నం వండటం నేర్చుకుంది.

ప్లాను గీసింది కిరణ్మయి. ఆమె తల్లిదండ్రులు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. బిల్డింగ్ నడుమ ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలి, గదులన్నీ దాని చుట్టూ పెట్టింది.

"షిఫ్టు దిగి వచ్చే పిల్లలు ఒకరికొకరు కనబడాలండీ," అని రఘునందన్‌కు ఎంతో చెప్పింది.

"కనబడి ఏం జేస్తరు మేడం? పండుకోనీకె గదా వచ్చేది," అని అతను నవ్వేశాడు.

స్లాబు పడేనాటికి ఆ ఖాళీలోనూ గదులే లేచాయి. కిరణ్మయి మళ్లీ అటు రాలేదు.

మధ్య గదులకు కిటికీల్లేవు. పట్టపగలు కూడా లైటు వెయ్యాల్సిందే. సన్నటి నడవాకు అటూ ఇటూ తలుపులు. పగటి షిఫ్టు వాళ్లు వెళ్తుంటే రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి పడుకునేవాళ్లు. ఎదురు గదిలో ఎవరుంటున్నారో తెలియకుండానే నెలలు గడిచిపోయేవి.

నర్మద అలాంటి మధ్య గదిలో ఉండేది. ఆసిఫాబాద్ అవతల పల్లె నుంచి వచ్చిన పిల్ల. రాత్రి షిఫ్టు. వచ్చిన కొత్తలో వంటింటి గడప మీద కూర్చుని భూలక్ష్మికి ఎల్లిగడ్డలు ఒలిచిపెట్టేది.

"నిద్రల కెంచి లేస్తే పొద్దుగాలనో మాపో సమజైతలేదు పెద్దమ్మా," అనేది.

"అలవాటైతది బిడ్డా."

పోను పోను ఆ పిల్ల గడప దగ్గరికి రావడం మానేసింది. గిన్నెలో అన్నం పెట్టుకుని గదికి వెళ్లిపోయేది.

ఆ వానాకాలం నర్మదకు జ్వరం వచ్చింది. గదిలో తోడుండే అమ్మాయి ఊరెళ్లింది. అన్నానికి రాకపోతే డ్యూటీలో ఉందేమో అనుకుంది భూలక్ష్మి. ఫ్యాక్టరీలో వాళ్లేమో ఊరికి పోయిందనుకున్నారు. పిల్లలు ఆ తలుపు ముందు నుంచే వెళ్లారు, వచ్చారు. మర్నాడు సాయంత్రం ఊడ్వడానికి వచ్చిన పోశమ్మ తలుపు తోసి కేక పెట్టింది. నర్మద కళ్లు తెరిచే ఉంది గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. దవాఖానకు తీసుకుపోయారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

తండ్రి కొండల్ వచ్చాడు. బిడ్డ సామాను మూటకట్టి ఇస్తే, గది చూస్తానన్నాడు. భూలక్ష్మి లైటు వేసింది. రెండు మంచాలు, వాటి చుట్టూ గోడలు. అతను గోడ తడిమి చూసి, "మా బిడ్డ ఈడ యాడ కూసునేది అక్కా?" అని అడిగాడు.

మంచం చూపించబోయిన ఆమె చెయ్యి సగంలో ఆగిపోయింది.

ఆ వారమే భూలక్ష్మి ఫోన్ చేసి కిరణ్మయిని పిలిపించింది. నడిమి గదులు తీసేస్తే వెలుతురొస్తదా అని అడిగింది. స్లాబు కొంత కోయించాలి గానీ కుదురుతుందని కిరణ్మయి చెప్పింది. రఘునందన్ వినగానే మండిపడ్డాడు.

"ఒక్క పిల్ల జరమొచ్చి సచ్చిపోతే బిల్డింగ్ పలగ్గొట్టాల్నా వదినా? జరం నేను దెచ్చిన్నా?"

"నువ్ తేలే. గని ఆ పిల్ల ఒర్లితే ఇనెటోళ్లు లేకుంట ఇల్లు గట్టినం."

అతను బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట మళ్లీ ఎత్తనివ్వలేదు.

ఇక భూలక్ష్మి చేతిలో ఉన్నది కింద ముందువైపున్న తన గది ఒక్కటే. రోడ్డు కనిపించే పెద్ద కిటికీ ఉంది దానికి.

"ఇదైతే నాదే గదా. దీని గోడ తీయించు బిడ్డా," అంది.

కిరణ్మయి నడవా వైపు గోడ తీయించి, కిటికీ కింద పొడుగాటి అరుగు కట్టించింది. లోపలికి వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ అందులో నుంచే నడిచేలా తలుపు మార్పించింది. పని పూర్తయిన రోజు అరుగు మీద కూర్చుని, "మొదట్లోనే నేను గట్టిగా పట్టుబట్టాల్సిందండీ," అంది. భూలక్ష్మి ఆమెకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది.

మొదట్లో పిల్లలు అరుగు మీద కూర్చున్నా ఎవరి ఫోన్ వాళ్లు చూసుకునేవారు. ఒక సాయంత్రం ఒకమ్మాయి పక్కనున్న పిల్లను ఏ రూమని అడిగింది. "మీ ఎదురు రూమే," అందా పిల్ల. ఇద్దరూ నవ్వారు. అంతలోనే, తమ గదుల పక్కదే నర్మద గదని గుర్తొచ్చిందేమో, ఇద్దరూ తల దించుకున్నారు.

నర్మదకు తోడుండే అమ్మాయి వేరే గదికి మారింది, ఆ గదిలో దిగడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. భూలక్ష్మే తన మంచం అందులో వేసుకుంది. మధ్యాహ్నం వంట ముగించి, తలుపు తెరిచే ఉంచి నడుం వాలుస్తుంది. నడవాలో అడుగుల చప్పుడు దగ్గరవుతుంది. ఒక్కోసారి ఎవరో ఒక పిల్ల ఆగి, "పెద్దమ్మా, మంచిగున్నవా?" అని పలకరిస్తుంది. చాలాసార్లు ఎవరూ ఆగరు.