మబ్బు పట్టిన రోజు మేత వద్దన్న మేడం

మేడం చనిపోయారని వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను కుంట గట్టు మీద మేత బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాను. "అక్క పొద్దన్నే పోయిందమ్మా. నిద్దర్లోనే. నీకు మొదట చెప్పమని ఎప్పుడో చెప్పిపెట్టింది," అందావిడ. ఏడుపు రావాల్సింది, ముందు భయం వచ్చింది. చేతిలో ఉన్న మేత నీళ్ళలో వేయాలా వద్దా అన్న చిన్న విషయం కూడా తేల్చుకోలేక బకెట్ కింద పెట్టి అక్కడే కూలబడ్డాను. మనిషి పోతే మనిషి కోసం బాధపడాలి. నేను చేపల గురించి భయపడ్డాను. ఆమె వింటే తప్పు పట్టేవారు కాదు, పైగా నవ్వేవారు.

ఆమె మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యారు. మిషన్ కాంపౌండు వెనక వీధిలో చెల్లెలితో కలిసి ఉండేవారు. నేను ఆమె దగ్గర చదువుకోలేదు. మాది పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో ఒక మెట్ట ఊరు. టమోటా ధరలతో వేసారిపోయి, పొలంలో కుంట తవ్వి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, బోరు నీళ్ళు నింపి చేపలు వేశాం. వాన చుక్క కోసం ఆకాశం చూసే ఊళ్ళో చేపలేంటని అందరూ నవ్వారు. వాళ్ళ సంగతి అట్లా ఉంచండి, నాకే నమ్మకం లేదు. నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. ఆవు మేత మానేస్తే తెలుస్తుంది, మేకకు జ్వరమొస్తే చెవి పట్టుకుంటే తెలుస్తుంది. నీళ్ళ కింద ఉన్నదానికి ఏమైందో ఎవరికి తెలుస్తుంది?

ఆమె మా ఊరికి మొదటిసారి వచ్చింది ఒక చావు మీదే. మేం చేపలు వేసిన ఆ ఏడే ముసురు పట్టింది. మా వైపు ముసురు రోజుల్లో పశువులను మేపుకు తోలరు కాబట్టి కొట్టంలోనే ఇంకాస్త మేత ఎక్కువ వేస్తారు. తరాలుగా ఉన్న అలవాటు అది. మా మామ, అంటే మా ఆయన తండ్రి, అదే ప్రేమతో చేపలకూ ఎక్కువ వేశాడు. మరునాడు నీళ్ళ మీద తెల్లటి పొట్టలు తేలాయి. పుంగనూరులో పశువుల మందుల షాపతను మేడం నంబర్ ఇచ్చాడు. ఫోన్ చేస్తే బస్సెక్కి వచ్చేశారు, భుజానికి ఒక గుడ్డసంచి.

"ఎంత మేత ఏసినారప్పా?" అని మామను అడిగారు.

"రోజూ ఏసేదానికి రెట్టింపు ఏసినా మేడమ్మా. ముసురు కదా, పాపం చలికి ఆకలైతాదని."

"ఆవుకైతే సరే. అది బయట గాలి పీలుస్తాది. చేప తినింది అరగాలంటే నీళ్ళలో ఉండే గాలే కావల్ల. ఎండ లేకపోతే నీళ్ళలో ఉండే పచ్చనాచు గాలి ఇయ్యదు. గాలేమో తక్కువ, అరిగించుకునే పనేమో ఎక్కువ. ఎట్లా బతుకుతాది?"

మామ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చచ్చిన దూడను చూసినప్పుడు కూడా అట్లా ఏడవని మనిషి. మేడం ఆ బురదలోనే ఆయన పక్కన కూర్చున్నారు. "యాల ఏడస్తావు? నా దగ్గర చదువుకున్నోళ్ళే ఇదే పని చేసినారు. ఇంకమీద మబ్బు పట్టితే చెయ్యి కట్టేసుకో, అంతే," అన్నారు. అప్పటినుంచి ఊరంతా మబ్బు కోసం ఎదురుచూస్తుంటే నాకు మాత్రం మబ్బు చూస్తే గుండె జారిపోతుంది. వానదేవుడికి పొంగలి పెడుతున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి, ఇంకో నాలుగు రోజులు ఆగు స్వామీ అని లోపల దండం పెట్టుకున్న దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ తర్వాత ఆమె రాకపోకలు మొదలయ్యాయి. రిటైరయ్యాక ఆమెకు ఒకటే ధ్యాస, మేత. బజారులో దొరికే చేపల మేతలో సముద్రపు చిన్నచేపల పొడి కలుస్తుందట. "సముద్రంలో చేపను పట్టి, పొడి కొట్టి, ఇంత దూరం లారీలో తెచ్చి ఈడ చేపకు పెట్టేది ఏం న్యాయం పాపా? ఆడ సముద్రం ఖాళీ, ఈడ మీ జేబు ఖాళీ," అనేవారు. మదనపల్లె చుట్టూ పట్టు తీసే షెడ్లలో, దారం లాగేశాక ఉడికిన పురుగులు మిగులుతాయి. వాటిని తెచ్చి మిద్దె మీద ఎండబెట్టి, పొడి చేసి, వేరుశనగ చెక్కా తవుడూ కలిపి ఉండలు చేసేవారు. ఆ కంపు గురించి చెప్పను, మీరు అన్నం తినే వేళకు చదువుతున్నారేమో. "ఇంట్లో నేనన్నా ఉండాల, ఆ పురుగులన్నా ఉండాల," అని చెల్లెలు కేకలేస్తే, "పురుగులు శనివారానికి పోతాయిలే, నువ్వుండు," అనేవారు మేడం తొణక్కుండా.

ఆ మేత పెట్టిన చేపలు బాగా పెరిగాయి. అప్పుడే తొందరగా పెరిగే జాతి చేపపిల్ల మా వైపు వచ్చింది. తరం తరం బాగా ఎదిగిన వాటినే ఏరి పిల్లలు తీసిన రోహు అది. చూడ్డానికి మామూలు రోహులాగే ఉంటుంది. మేడం మా కుంటలో వల అడ్డం కట్టించి ఒక పక్క పాత జాతి, ఒక పక్క కొత్త జాతి వేయించారు. నీళ్ళు అవే, మేత అదే. కొన్ని నెలలకు రెండు పక్కల నుంచీ చేపలు పట్టి కోశారు. పాతదాని కార్జం, అదే లివరు, ఎర్రగా నిగనిగలాడుతోంది. కొత్తదాని కార్జం పాలిపోయి, పసుపు తిరిగి, వేలికి జిడ్డుగా అంటుకుంది. పైకి మాత్రం అదే పెద్దది, అదే అందమైనది.

వేలు కొంగుకు తుడుచుకుంటూ అడిగాను. "రోగమా మేడం?"

"రోగం కాదు. ఏమప్పా, నీ దగ్గర పుంగనూరు ఆవుండాది కదా, దానికి జెర్సీ ఆవు దాణా పెడతావా?" అని మామ వైపు తిరిగారు.

"యాల పెడతా మేడమ్మా? దాని ఒళ్ళు వేరే, దీని ఒళ్ళు వేరే."

"ఇదీ అంతే. ఒకే మేతను రెండు ఒళ్ళు రెండు రకాలుగా వాడుకుంటాండాయి. పురుగులో ఉండే నూనెను పాతది ఖర్చు పెట్టేస్తాది. కొత్తది కార్జంలో దాచిపెడతాది. ఇట్లే పెడితే ఒక మబ్బు రోజుకు గుంపుగా పోతాయి. తప్పు చేపది కాదు, నా మేతది." అంత సులువుగా తప్పు నాది అన్న చదువుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నూనె పిండేస్తే సరిపోతుందని పుంగనూరు గానుగకు పురుగుల మూటలు తీసుకుపోయాం. గానుగాయన మూట విప్పి, ముక్కు మూసుకుని, "అమ్మా, రేపు ఇందులోనే పండగ నూనె ఆడించల్ల నేను," అని దండం పెట్టాడు. మేడం అక్కడే నిలబడి గంటసేపు బతిమాలారు. పండగ నూనె అయిపోయి గానుగ ఆపేసే రోజు చివరగా ఆడిస్తాననీ, కడుక్కునే పని మాదేననీ ఒప్పందం కుదిరింది. ఆ రోజు గానుగ కడగడానికి మేడమే చీర దోపుకుని దిగారు. బట్టల సబ్బు వాసన, పురుగుల వాసన కలిసి, తిరుగు బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోలేదు.

చేపను కోసేముందు ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. చేపను క్షమించమని అడుగుతోందని మా మామ అనుకునేవాడు. ఒకసారి నేనే అడిగాను. "తప్పు నాది కాకుండా సూడు ప్రభువా అని అడుగుతాండా పాపా," అన్నారు. నాకు ఆశ్చర్యమేసింది. మీకు కూడా భయమా అన్నాను. "లేకుండా ఎట్లుంటాది? భయపడు. కానీ భయమైన కాడికి దగ్గరగా పోయి సూడు. దూరం నుంచి భయపడితే ఏమీ కనపడదు." ఆ మాట నాకు ఎన్నిసార్లు ధైర్యమిచ్చిందో చెప్పలేను. ధైర్యం కాదేమో, దగ్గరికి నడిచే ఓపిక ఇచ్చింది.

కానీ తన విషయంలో ఆమె దగ్గరికి పోలేదు. కాళ్ళు వాచేవి, కళ్ళు పచ్చబడేవి, అడిగితే ఎండకేలే అనేవారు. ఆమె తినేదంతా రాగి సంగటీ ఆకుకూరా. చివరికి చెల్లెలూ నేనూ బలవంతంగా కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. స్కానింగ్ గది బయట బల్ల మీద కూర్చుని నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఇన్నేండ్లు చేపల కార్జాలు సూసినా. నాది సూడాలంటే దడగా ఉండాది పాపా. మా నాయన ఇట్లే పోయినాడు. మా ఇంట్లో అందరమూ ఒకే సంగటి తిన్నాం. మా నాయన ఒళ్ళు నాకే వచ్చినట్టుండాది."

"ఏం కాదు మేడం," అన్నాను.

డాక్టరు బయటికి వచ్చి కార్జం గట్టిపడిపోయిందనీ, చాలా ఆలస్యంగా వచ్చారనీ చెప్పాడు. ఆమె తలూపారు. తిరుగు బస్సులో పలమనేరు దాటాక ఉన్నట్టుండి, "నీకు కోసేది వచ్చు. సూసేది కూడా నేర్చుకో," అన్నారు. "మీరుండారు కదా మేడం," అన్నాను. ఆమె కొంగు కప్పుకుని కిటికీ వైపుకు ముడుచుకుని కూర్చున్నారు. ఆ రోజు మనిషి భయపడితే ఎంత చిన్నగా అయిపోతుందో చూశాను, ఆమె మీద నాకు ప్రేమ పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఈసారి కుంట నిండా కొత్త జాతే వేశాం, నూనె తీసిన పురుగుల మేతతోనే. కార్జం మొదటిసారి చూడాల్సింది ఆమె పోయిన ఆ వారంలోనే. మట్టి ఇచ్చి వచ్చాక వల వేయడానికి నా చెయ్యి రాలేదు. పాలిపోయి ఉంటే? ఏడాది కష్టం, ఇల్లు గడిచేది, ఆమె చివరి పని, మూడూ ఆ చిన్న ఎర్రటి ముక్కలోనే ఉన్నాయి. ఈ రోజు కాదు రేపు అని వాయిదా వేస్తూ వచ్చాను.

నిన్న మధ్యాహ్నం ఒక మోటారుసైకిల్ మా గట్టు దగ్గర ఆగింది. నిమ్మనపల్లె వైపు రైతు. ఆయన కూడా మేడం చెప్పిన మేతే వేస్తున్నాడట, అదే జాతి పిల్లకు. వెనక కట్టిన బకెట్ విప్పి నా ముందు పెట్టాడు. నీళ్ళలో చేప ఇంకా తోక ఆడిస్తోంది.

"మేడం లేదు కదమ్మా. ఇంక నువ్వే సూసి చెప్పల్లంట. వాళ్ళ చెల్లెలు నీ పేరే చెప్పింది," అన్నాడు. మా మామ వయసు మనిషి.

నాకు తెలియదు అందామనుకున్నాను. అయినా, లోపలికి పోయి కత్తి తెచ్చి, గట్టు మీద కూర్చుని చేపను కోశాను. కార్జం వేలితో పైకి తీశాను. తలెత్తితే, అతను చేప వైపు చూడటం లేదు. ఒకప్పుడు నేను మేడం ముఖం చూసినట్టే, నా ముఖం వైపే చూస్తున్నాడు.