మట్టివాసన లేని పాటలు

అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇరవయ్యారేళ్లుగా అదే పని. భుజాన ఒక తోలుసంచి, అందులో మూడు స్క్రూడ్రైవర్లు, అరిగిపోయిన టూత్‌బ్రష్షు, పొడుగు ముక్కు నూనెడబ్బా. ఏ మిషను మొరాయించినా ముందు మూడు చుక్కల నూనె వేసి, కాసేపు ఆగి, అప్పుడు విప్పుతాడు. సగం మిషన్లు ఆ కాసేపట్లోనే దారికొస్తాయి. అందుకని ఆడవాళ్లంతా అతన్ని చుక్కనూనె అంటారు. చాటుగా కాదు, మొహమ్మీదే. అతనూ పలుకుతాడు.

పని చేస్తూ పాడతాడు. పాటలన్నీ సొంతంగా కట్టినవే. ఎదురుగా కూర్చుని ఇంటావిడ తన గోడు వెళ్లబోసుకుంటూ ఉంటుంది, అతని చేతిలో కింది దారం చుట్టే బాబిన్ తిరుగుతూ ఉంటుంది. మిషను బాగయ్యేసరికి ఆవిడ గోడు పాటయి కూర్చుంటుంది. ఒక ఇంట్లో అత్తకీ మొగుడికీ మధ్య నలిగిపోతున్న కోడలుంది. ఆవిడ ముందు కూర్చుని ఇలా అందుకున్నాడు:

కింది దారం లాగుతుంటే పైదారం తెగుతుంది
ఇద్దరి మధ్యన బట్టకేమో ఒళ్లంతా కుట్టు పడుతుంది

ఆ కోడలు విని నవ్వింది. తర్వాత మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు తేవడం మర్చిపోయింది.

అతని బావమరిదికి ఒక రికార్డింగ్ గది ఉంది. గది అంటే గోడలకి పాత బొంతలు మేకులతో కొట్టిన కొట్టు. పాత ఇనుము కొంటాం, నీళ్ల టాంకులు కడుగుతాం లాంటి ప్రకటనలు అక్కడ రికార్డయి ఆటోల మీద వీధులన్నీ తిరుగుతాయి. ఒక మధ్యాహ్నం పనేమీ లేక బావమరిది అన్నాడు:

"బావా, ఊరికే గాలికి పాడేస్తున్నావు. ఎనిమిది పాటలు ఏరు. ఆల్బం చేద్దాం."

"ఎవరు వింటారురా?"

"ముందు చేస్తే కదా, వినకుండా ఉండటానికి."

రెండు మధ్యాహ్నాల్లో ఎనిమిది పాటలు పూర్తయ్యాయి. వాయిద్యం కావాలంటే తొక్కుడు మిషనే తెచ్చి పెట్టుకున్నారు. అతని భార్య మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. సెలవు పెట్టి వచ్చి మిషను తొక్కింది. ఆల్బం పేరు 'బాబిన్', కింద చిన్న అక్షరాల్లో 'జానపద గీతాలు'. ఆ చిన్న అక్షరాలు బావమరిది సొంత కవిత్వం. ఇంటర్నెట్‌లో పెట్టి, పేపరాఫీసుకి కూడా ఒకటి పంపాడు.

మూడు వారాలు ఎక్కడా చప్పుడు లేదు. ఒకరోజు అతను ఎవరింట్లోనో నేలమీద పేపరు పరిచి, విప్పిన మరలు వరసగా పేర్చుకుంటున్నాడు. పేపర్లో ఒకచోట 'బాబిన్' అని కనిపించింది. మరలు పక్కకి జరిపాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయిన ఒక విమర్శకుడు వారం వారం రాసే శీర్షిక అది.

"జానపదమని చెప్పుకునే ఈ ఆల్బంలో జానపదం మచ్చుకైనా లేదు. నాగలి లేదు, నాట్లు లేవు, వాన లేదు. మట్టివాసన అసలే లేదు. ఉన్నదల్లా యంత్రపు నూనె వాసన. ఈ గాయకుడికి జనం తెలియదు."

ఇంకో నాలుగు వాక్యాలున్నాయిగానీ వాటి మీద అప్పటికే నూనె పడి అక్షరాలు అలుక్కుపోయాయి. అతను ఆ ముక్క చింపి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు మిషను బిగించాక ఒక మర చేతిలో మిగిలిపోయింది. ఇరవయ్యారేళ్లలో అది మొదటిసారి.

ఇంటికొచ్చి భార్యకి చూపించాడు. డాక్టర్ల చేతిరాత చదివే మనిషి, నూనె కింది అక్షరాలు కూడా చదివేసింది.

"నూనె వాసనంటే తప్పేముంది? నిజమే కదా. మీ చొక్కాలు ఉతికేది నేను."

"అదికాదే. జనం తెలియదంట నాకు."

ఆవిడ అతనికేసి చూసింది. వారానికి పాతిక ఇళ్లు తిరిగే మనిషి. ఏ ఇంట్లో ఎవరితో ఎవరికి మాటల్లేవో, ఏ అమ్మాయి ఎవరికోసం చాటుగా చొక్కా కుడుతోందో అన్నీ తెలిసి, ఒకింటి మాట ఇంకో ఇంట్లో అనని మనిషి. పేపరు మడిచి చేతికిచ్చి, "మట్టి కావాలంటే నాలుగు పూలకుండీలు కొనుక్కుందాం లెండి," అంది.

అతను నవ్వలేదు. పట్టుదల వచ్చింది. మట్టి కావాలా, అయితే మట్టే పెడదాం అనుకున్నాడు. తీరా రాద్దామని కూర్చుంటే పొలం గురించి ఒక్క ముక్కా తెలీదు. పుట్టింది రెండో అంతస్తు వాటాలో, పెరిగింది బట్టల దుకాణాల వీధిలో. వీధిలో కూరగాయలమ్మే ఆవిడని పట్టుకున్నాడు.

"అమ్మా, నాట్లు ఎప్పుడేస్తారు?"

"నాకేం తెలుసు నాయనా. తెల్లారి లారీలో వస్తాయి, మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఈ రెండే తెలుసు నాకు."

ఆఖరికి విత్తనాల కొట్టువాళ్లు పంచిన క్యాలెండరు గురువయింది. అందులో బొమ్మలు చూసి ఏడు పాటలు కట్టాడు. బావమరిది బాత్రూములో షవరు తిప్పి వాన రికార్డు చేశాడు. గ్లాసు మీద చెంచాతో కొట్టి ఎద్దుల గంటలు చేశాడు. క్యాలెండర్లో పేజీలు వెనకాముందయ్యాయో, ఇతనే తడబడ్డాడో, ఒక పాటలో కోతలయ్యాకే నాట్లు పడ్డాయి:

కోత కోసిన చేలోన కొత్త మొలక లేచింది
గింజ ఇల్లు చేరాక చినుకు దారి చూసింది

ఆల్బం పేరు 'నేలతల్లి పిలుపు'. ఈసారి వారం తిరక్కుండానే అదే శీర్షికలో అదే విమర్శకుడు సగం పేజీ రాశాడు.

"తొలి ప్రయత్నంలోనే ఈ గాయకుడు మనల్ని నేలకి దించాడు. ఈ గొంతులో మూడు తరాల మట్టి ఉంది. ముఖ్యంగా కోత తర్వాత నాటు వేసి, ఋతుచక్రాన్నే తలకిందులు చేసిన సాహసం చూడండి. నాగలి పట్టిన చెయ్యి మాత్రమే ఇలా రాయగలదు. ఆ వాన నిజం వాన. విన్నవాళ్ల ఒళ్లు తడుస్తుంది."

బావమరిది ఆ చివరి వాక్యం నాలుగుసార్లు చదివించుకుని విన్నాడు. "బావా, మన షవరు ఎంత పనిచేసిందో చూడు," అన్నాడు.

లైబ్రరీ హాల్లో అతనికి అభినందన సభ పెట్టారు. విమర్శకుడే అధ్యక్షుడు. అతను ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని వెళ్లాడు. గోళ్లలో నల్లగా ఇరుక్కున్న నూనెమరక ఎంత రుద్దినా పోలేదు. విమర్శకుడు ఆ చెయ్యి పట్టుకుని జనానికి ఎత్తి చూపించాడు.

"చూడండి. ఇది నల్లరేగడి. కడిగినా వదలదు."

హాలంతా చప్పట్లు. అతనికి ప్రాణం చచ్చిపోయినట్టయింది. మాట్లాడమని మైకు చేతికిచ్చారు. ఇంక దాచడం తనవల్ల కాదనుకున్నాడు.

"అయ్యా, నేను ఇంతవరకూ పొలంలో కాలు పెట్టలేదండి. మిషన్లు బాగుచేస్తాను. వాన బాత్రూములోది."

విమర్శకుడు మెల్లగా లేచాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"విన్నారా. పొలంలో కాలు పెట్టలేదంటున్నారు. అంటే అర్థమేమిటి? అమ్మ ఒడిలో ఉన్నవాడు అమ్మ మీద కాలు పెడతాడా? ఇంతటి వినయం చదువుకుంటే రాదు."

ముందు రెండు వరసలవాళ్లు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. చివరి వరసలో ఒక ముసలాయన మాత్రం చెయ్యెత్తి, "బాబూ, కోతలయ్యాక నాట్లేంటి?" అని అడిగాడు. పక్కవాళ్లు కసురుకుంటే ఊరుకున్నాడు.

సభ అయ్యాక అతను ఆ ముసలాయన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయన మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. నిజంగానే వ్యవసాయం చేస్తాడు. ఏదో పనిమీద వచ్చి, బస్సుకి టైముందని, ఫ్యాను కింద కూర్చోవచ్చని లోపలికి వచ్చాడంతే.

"పాట బాగుందయ్యా. పంట మాత్రం పండదు," అన్నాడు.

ఆ మాట విన్నాక అతనికి తేలికయింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని బస్సు వేళయ్యేదాకా మాట్లాడుకున్నారు. ముసలాయన భార్య మిషను దారం తెంపేస్తోందట. ఏ రకం దారమని అడిగాడు ఇతను. ఎన్నాళ్లయింది సూది మార్చి అన్నాడు. సభలో రెండు ముక్కలు మాట్లాడటానికి చెమటలు పట్టిన మనిషి, సూదుల మీద పదిహేను నిమిషాలు ఆపకుండా చెప్పాడు.

ఆ ఆదివారం ఆ ఊరు వెళ్లి సూది మార్చి వచ్చాడు. పొలం కూడా చూశాడు. గట్టు మీద జారి మోకాలిదాకా బురదలో దిగబడ్డాడు. ముసలాయన కొడుకు చెవుల్లో ఫోను వైర్లు పెట్టుకుని, సినిమాపాట ఈల వేస్తూ చేనుకి పురుగుమందు కొడుతున్నాడు. మట్టివాసన ఎలా ఉంటుందో చూద్దామని ఇతను గట్టిగా ఊపిరి పీల్చాడు. మందు ఘాటుకి దగ్గొచ్చింది. పాట మాత్రం రాలేదు.

నెల తర్వాత విమర్శకుడు ఫోన్ చేశాడు. అప్పుడతను ఒక రెడీమేడ్ బట్టల కార్ఖానాలో, ముప్ఫై మంది ఆడవాళ్ల మధ్య ఒక మిషను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"తర్వాతి ఆల్బం ఎప్పుడండీ? ముందుమాట నేనే రాస్తాను."

"మొదలుపెట్టానండీ. కుట్టుమిషన్ల మీద."

విమర్శకుడు పెద్దమనిషి తరహాలో, ఎంతో ఓపికగా అన్నాడు:

"ఏమీ అనుకోకండి, మీ మేలు కోరి చెప్తున్నాను. ఇదివరకు ఎవరో అలాంటిది చేశారు. దాన్ని నేనే చీల్చి చెండాడాను. మిషన్ల గురించి మీకేం తెలుసండీ? తెలిసినదాని గురించి రాయండి."

"అలాగేనండీ," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు, చుక్కనూనే?" అని పై నుంచి మిషనావిడ అడిగింది.

"పొలం పనులున్నాయంట, రమ్మంటున్నారు."

"నీకు పొలం పనులా?" అని ఆవిడ నవ్వి, పక్కావిడకి చెప్పింది. ఆ నవ్వు వరస చివరిదాకా పోయింది.

మూడో ఆల్బం కూడా బొంతల గదిలోనే తయారయింది. మిషను మళ్లీ భార్యే తొక్కింది. బావమరిది ఈసారి చిన్న అక్షరాలేమీ వెయ్యలేదు, పేపరాఫీసుకీ పంపలేదు. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. కార్ఖానాలో మాత్రం మధ్యాహ్నం పూట పెడుతున్నారట. రెండో పాట లయ మరీ వేగంగా ఉందని, దాంతోపాటు తొక్కితే కుట్లు వంకరపోతున్నాయని సూపర్‌వైజరు ఫిర్యాదు చేశాడు. అతను ఇంటికెళ్లి ఆ పాటని కొంచెం నెమ్మదిగా మళ్లీ పాడి ఇచ్చాడు.