ముందు ముళ్ళను ఆరుకి దించాలి

తాతయ్య చేతిగడియారం తోలు పట్టీకి ఇప్పటికీ చెమటా విభూతీ కలిసిన వాసనే. గోపన్‌పల్లిలో మా ఫ్లాటు బాల్కనీలో నిలబడి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే, మదీనాగూడలో మేము పెరిగిన అపార్ట్‌మెంటు డాబా, ఆదివారం ఉదయపు కర్పూరం, ఇంగువ వేసిన పులిహోర, దూరాన కొండరాళ్ళు పగలగొట్టి ఆఫీసు భవనాలు లేపుతుంటే గాలికి వచ్చి మా చాపల మీద పడే సన్నటి దుమ్ము, అన్నీ తిరిగొస్తాయి.

ఆ డాబా మీదే మా సత్సంగం. గుంటూరు నుంచి వచ్చిన తాతయ్య దాన్ని మొదలుపెట్టారు. పిల్లలకు శ్లోకాలు నేర్పేది కింది అంతస్తు మాస్టారు. సత్యం పలకడం కూడా తపస్సేనని ఆయన నోటివెంటే విన్నాను. ఆ మాట మీద నాకు ఈ రోజుకీ అనుమానం లేదు.

ముప్పై రోజుల నెల వెళ్ళిన మరునాడు గడియారంలో తేదీని ఒకటికి తేవడం నా పని, అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. "రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకీ మధ్య చక్రం తనంతట తను తేదీ మార్చుకుంటూ ఉంటుంది అమ్మడూ. అప్పుడు మనం తిప్పితే పళ్ళు విరుగుతాయి. ముందు ముళ్ళను ఆరుకి దించు" అనేవారు తాతయ్య. ఇంట్లో ఇంకెవరినీ ఆయన ఆ కీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఒకసారి జ్వరం వచ్చి ఆయన కీ ఇవ్వలేదు. ముప్పయ్యో తారీకు, శనివారం రాత్రి పదకొండింటికి గడియారం ఆగిపోయింది. మర్నాడు సత్సంగంలో హారతి అయ్యాక దాన్ని దీపం పక్కన పెట్టి, "అమ్మడు సరిచేస్తుంది" అని చెప్పి, చేతులు కడుక్కోవడానికి కిందికి దిగారు. అందరూ పులిహోర వడ్డించే చోట ఉన్నారు; నేను అందుకునేలోపే మాస్టారు తీసుకుని కీ లాగారు.

"ముందు ఆరుకి దించాలండీ మాస్టారూ."

"పట్టపగలు భయమేంటమ్మా, వాచీల డాక్టరు గారూ" అని నవ్వి తిప్పేశారు. పగలు మాకు; గడియారానికి ఇంకా శనివారం రాత్రే. లోపల టక్కుమంది. ముప్పైకీ, ఆ నెలలో లేనే లేని ముప్పై ఒకటికీ మధ్య తేదీ ఇరుక్కుపోయింది.

తాతయ్య పైకి రాగానే మాస్టారు, "పాప తొందరపడిందండీ. చిన్నపిల్ల, ఏమీ అనకండి" అన్నారు. పులిహోర ఆకులతో అందరూ నా వైపు తిరిగారు.

"నేను కాదు తాతయ్యా."

ఆయన మాస్టారి వైపు చూశారు, నా వైపు చూశారు. "పెద్దాయన మాట కాదంటావా? దణ్ణం పెట్టి తప్పయిందని చెప్పు."

చెప్పాను. సత్యం నేర్పిన మాస్టారి పాదాలకే మొక్కి అబద్ధం చెప్పాను.

హైవే మీద వాచీలు బాగుచేసే అతను భూతద్దంలోంచి చూసి, "రాత్రి గంటల మీదుండంగ తేదీ తిప్పిండ్రు సార్, పన్ను ఇరిగింది. ఈ సామాను ఇగ దొరకదు. టైం అయితే నడుస్తది, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఇరుక్కున్న తేదీతోనే తాతయ్య దాన్ని చివరిదాకా పెట్టుకున్నారు, ఒక్కసారి కూడా నా చేతికివ్వలేదు.

ఇచ్చింది దవాఖాన మంచం మీద. "ఆ రోజు నువ్వు కాదని నాకు తెలుసమ్మా. నీ చెయ్యి అట్లా తిప్పదు. ఆయన్ని నలుగురిలో నిలదీస్తే సత్సంగం చెదిరిపోతుందనుకున్నా."

ఇప్పుడు ఆ డాబా నిండా సోలార్ పలకలు. చాపలు లేవు, సత్సంగం ఫోన్‌లోకి వెళ్ళిపోయింది; మాస్టారు రోజూ పొద్దున్నే ఒక శ్లోకం పంపుతారు, నేను భక్తిగానే చదువుకుంటాను. ప్రతి ఒకటో తారీకూ ముళ్ళను ఆరుకి దించి కీ తిప్పి చూస్తాను, తేదీ కదలదు. తర్వాత దేవుడి ముందు కూర్చుని, మాస్టారిని క్షమించానని చెప్పుకోగలుగుతున్నాను. తాతయ్య పేరు దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది.