వజీరాపా ఒప్పుకున్న తప్పు

వజీరున్నీసాను చూస్తె నాకు ఒక్కొక్కపారి ఒళ్లు మండుతది. కోపం రాదా ఆపా నీకు అంటె, వస్తదంటది. మరి యాడ దాసుకుంటదో ఆ అల్లాకే ఎరుక. పదేండ్లాయె ఆమె దుకాణంల నేను హుక్కులు, కాజాలు కుట్టవట్టి. నా పేరు సక్కుబాయి. మంచిర్యాల రైల్వే గేటు కాడ నా నోటికి భయపడనోళ్లు లేరు. ఆమె ముంగట మాత్రం నా నోరు సగమే లేస్తది.

కాగజ్‌నగర్ల మిల్లు బందైనప్పుడు పెనిమిటి చాంద్‌పాషాను తీస్కొని ఇక్కడికొచ్చింది. ఆయన మోకాళ్లు అరిగి ఇంట్లనే ఉంటడు. ఇల్లు నడిచేది ఆమె మిషన్ మీదనే. గల్లీ అంత ఆమెను వజీరాపా అంటది, ఆపా అంటె అక్క. జాకెట్ కుట్టించుకుంటె ఆపా దగ్గర్నే కుట్టించుకోవాలె అని పేరు. ఆ పేరే ఆమె ఆస్తి, ఇంకేం లేదు.

వచ్చేటోళ్లు ఎసుంటోళ్లనుకున్నరు? గుడ్డ తక్కువ తెచ్చి చేతులు మోచేతిదాక రావాలంటరు. తెల్లారితె పండుగనంగ పొద్దుగూకి వస్తరు. నేను లొల్లి వెడుత. ఆపా మాత్రం "సూద్దాం అమ్మా, జర కూసోండ్రి" అంటది. కూసునేసరికే వాళ్లకు సగం కోపం దిగుతది. నాకే దిగది.

ఆ యాడాది మాఘమాసంల పెండ్లిళ్ల మీద పెండ్లిళ్లు. ఇద్దరికీ నడుములు పడిపోయినయ్. గప్పుడొచ్చింది మమతారాణి. దుకాణం వాళ్లదే, మేం కిరాయికున్నోళ్లం. ఎల్లుండి ఆమె బిడ్డ నవ్యశ్రీ పెండ్లి. ఆమె ఎంట పెండ్లికొడుకు మేనత్త గంగుబాయి, చేతుల బట్టల మూటతోని.

వస్తనే మమతారాణి తన కొత్త జాకెట్ తీసి ఆపా మీదికి ఇసిరింది.

"ఇది జాకెటా, గోనెసంచా? పెండ్లి జాకెట్ నాశనం చేసినవ్ గదనే! మాపటిదాక దుకాణం ఖాళీ చెయ్. లేకుంటె సామాన్లు రోడ్డు మీద ఏపిస్త!"

మా దిక్కు ఆడోళ్లు ఒంటికి టేపు పెట్టనియ్యరు. బీరువాలకెళ్లి మంచిగ కుదిరిన పాత జాకెట్ తెచ్చి, గిదే కొల్త అంటరు. మమతారాణి సుత గట్లనే ఇచ్చింది. నేను లేచి ఆ పాత జాకెట్ అందుకున్న. కొత్తదాని మీద పరిచి, నూలుపోగంత తేడా ఉంటె నా చెవు కోసిస్త అందామనుకున్న. ఆపా నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"ఉండు సక్కు."

ఏం ఉండుడు! దుకాణం పోతుంటె ఉండు అంటదేంది గీ మనిషి? కని ఆపా చూపు మమతారాణి చేతుల మీదున్నది. తిట్టుకుంట చెయ్యి ఎత్తినప్పుడల్ల గాజులు మోచేతిదాక జారుతున్నయ్. పెండ్లి తిరుగుడుకు చిక్కింది అనుకున్నం మేమంత.

"లోపలికి రాండ్రి అమ్మా, ఒక్కపారి ఏసుకోండ్రి. నేను సూస్త. గా తర్వాత ఖాళీ చెయ్యమంటె చేస్త" అన్నది ఆపా. బతిలాడలే, భయపడలే. మామూలుగ అన్నది.

పరదా పట్టుకొని నేను నిలవడ్డ. ఆపా ఆమె ఒంటికి టేపు పెట్టింది. పాత జాకెట్ ముప్పై ఎనిమిది. మనిషి ముప్పై మూడు. ఆపా నమ్మలేక మల్ల కొలిసింది.

"చెల్లె, దవాఖానకు పోయినవా?" అన్నది మెల్లగ.

గంత లొల్లి చేసిన మనిషి కొంగు నోట్ల కుక్కుకున్నది. కడుపుల గడ్డ ఉన్నదట. ఆపరేషన్ చెయ్యాలన్నరట కరీంనగర్ల. మొగనికి తప్ప ఎవ్వలకు చెప్పలేదట. "బయటున్న ఆమెకు తెలిస్తె పెండ్లి ఆగుతది ఆపా" అన్నది. అన్నేండ్లల్ల ఆమె ఆపా అన్నది గప్పుడే.

బయట నుంచి గంగుబాయి అడగనే అడిగింది. "కొల్త జాకెట్ ఇచ్చినంక గంత లూజు ఎట్లయితదమ్మా? ఏంది సంగతి?"

మమతారాణి మొకంల నెత్తురు లేదు. ఆపా పరదా జరిపి బయటికి పోయింది.

"నా చెయ్యి తప్పిందమ్మా. కత్తెర పెట్టేటప్పుడు సూసుకోలే. తప్పు నాదే."

నాకు ఒర్రాలనిపించింది. మమతారాణి నా దిక్కు చూసింది. పండ్లు బిగవట్టుకున్న.

"మంచిగైంది, ముందే తెలిసింది" అనుకుంట గంగుబాయి తన మూట తీస్కొని లేచింది. ఏడు జాకెట్ల గుడ్డలు, అవి సుత ఆపాకు ఇద్దామనే తెచ్చిందట. కుట్టించుకుందామని వచ్చి కూసున్న ఇంకో ఇద్దరు సుత వాళ్ల గుడ్డలు వాళ్లు తీస్కొని పోయిండ్రు.

మమతారాణి జాకెట్‌ను అప్పుడే రెండు దిక్కుల లోపలికి కుట్టి ఇచ్చినం. ఆమె పోయినంక గయ్యిన లేసిన ఆపా మీద.

"ఎందుకన్నవ్ గట్ల? నీ పేరు పాయె గదా!"

"తిట్లు వడుడు నాకు అలవాటే సక్కు. నేనేంటిదాన్నో నాకెరుకనే. కని చెయ్యని తప్పు ఒప్పుకునుడు... మస్తు అలిసిపోయిన" అన్నది. మిషన్ మీద తల వెట్టింది.

పెండ్లి అయింది. ఆపరేషన్ అయింది. మమతారాణి మంచిగున్నది, ఉండనియ్. ఇప్పుడు తన బీమారి ముచ్చట తనే గల్లీ అంత చెప్పుకుంటది. ఖాళీ చెయ్యమని మల్ల అనలే. కని జాకెట్ ముచ్చట ఒక్కనాడు ఎత్తలే. గంగుబాయేమొ ఊరంత చెప్పింది, ఆపాకు కండ్లు మసకలని, చెయ్యి నిలుస్తలేదని. ఇప్పటికి సుత వచ్చినోళ్లు గుడ్డ ఇచ్చుకుంట "జర సూసి కుట్టు ఆపా" అంటరు. ఆపా తల ఊపుతది. నాకు కడుపు మండుతది. ఆమె ఎట్లాగు చెప్పదు, గందుకే నేను చెప్తున్న, ఇనుండ్రి. కొల్త తప్పలే. వజీరాపా చెయ్యి ఎన్నడు తప్పలే.