మగ్గం గుంటలో సముద్రపు కంపు

దయ్యాలే ఉంటే ముందు నాకే కనబడాలి. ఎమ్మిగనూరులో, వెలుతురు సరిగా రాని గదిలో, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసి బతికినదాన్ని. ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పలేను.

నా కూతురు నాగవేణి పదార్థ శాస్త్రవేత్త. మునిగిన ఓడల్లో దొరికిన ఇనుము, చెక్క, తోలు పాడవకుండా కాపాడటం దాని ఉద్యోగం. ఈ వయసులో నాకు అక్షరాలు నేర్పింది కూడా అదే. పోయిన వేసవిలో అది పనిచేసే చోటు చూడటానికి సముద్రం పక్కనున్న ఊరికి వెళ్లాను.

లోపల అడుగుపెట్టగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. కుళ్లిన గుడ్ల కంపు. ఒక తొట్టి నీళ్లలో ఎడమకాలి తోలు బూటు. దాని నిండా నల్లటి జిగట బురద, అందులో కాలివేళ్ల ఎముకలు. నాగవేణి గ్లౌజు వేలితో ఆ బురదను నెమ్మదిగా తోడుతోంది. ఉప్పంతా దిగేదాకా మంచినీళ్లు మారుస్తూ ఉండాలట. ముందే ఆరితే ఉప్పు తెల్లగా పైకి పూసి తోలు పగులుతుందట. ఆ పూట దాని చేతి అన్నం నేను తినలేదు.

శవాన్ని చూసి వస్తే తలస్నానం చేయనిదే మేము మగ్గం ముట్టం. ఆ మాటే అన్నాను.

"వందల ఏండ్ల నాటి ఎముకలకి ఇంకా మైలేందిమా? నువ్వు తలకి పోసుకోకుంటే ఆయప్ప లేసి నీ ఎంట ఎమ్మిగనూరుకి వస్తాడా?" అని నవ్వింది.

సరేలే అనుకున్నాను. ఇంటికొచ్చి, కాళ్లు మాత్రం కడుక్కుని మగ్గంలో కూర్చున్నాను.

పట్టపగలే. గుంటలో మగ్గం కాలిచెక్క తొక్కుతుంటే ఎడమ పాదానికి మెత్తగా, జారుడుగా ఏదో తగిలి వేళ్ల సందుల్లోంచి పైకి ఉబికింది. వెంటనే అదే కంపు. నాకు నూలు కండెలు చుడుతున్న పక్కింటి ఖాసింబీ ముక్కు మూసుకుంది.

"ఏందక్కా ఇది, గుంటలో ఎలుక సచ్చిందా?"

టార్చి వేసి చూశాం. గుంట పొడిగా ఉంది. నా కాలికీ ఏమీ లేదు.

మరునాటికి నేసినంత మేర చీర మీద తెల్లగా ఉప్పు పూసింది. మా బోరు నీళ్లే ఉప్పు అంటారు కొందరు. ఇన్నేళ్లూ ఆ నీళ్లతోనే నూలుకు గంజి పెట్టాను, ఎప్పుడూ పూయలేదు. మగ్గం దగ్గరికి పోతే చాలు వాంతి వస్తోంది. నాకు వచ్చిన పని అదొక్కటే. అది పోతే నా కూడు పోయినట్టే. ఏడుస్తూ నాగవేణికి ఫోన్ చేశాను.

ఎలుకే అయివుంటుందని నవ్వుకుంటూనే వచ్చింది. చీర మీది ఉప్పు గీకి సీసాలో వేసుకుంది. గుంటలో దిగి, వంగి, అడుగున చెయ్యి పెట్టింది.

పైకి వచ్చి నేరుగా పెరట్లోకి పోయింది. చున్నీ కూడా తీయకుండా కొళాయి కింద తల పెట్టింది.

"నువ్వూ పోసుకోమా," అనింది.

పోసుకున్నాను. కంపు పోయింది. మళ్లీ నేస్తున్నాను. కానీ ఎడమకాలు చెక్క మీద పెట్టిన ప్రతిసారీ వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

ఆ ఉప్పు ఎక్కడిదో, దాని చేతికి ఏం తగిలిందో నాగవేణి ఇంతవరకూ చెప్పలేదు. నాకూ అడగబుద్ధి కాలేదు.